ఏసీ మార్చే ఖర్చు: ధర పట్టీలో కనిపించనిది

ప్రశ్న: మా పడకగదిలోని ఒకటిన్నర టన్నుల స్ప్లిట్ ఏసీకి 12 ఏళ్లు నిండాయి. గత రెండు వేసవులూ మొదట్లోనే గ్యాసు నింపించాల్సి వచ్చింది. ఈసారి బయటి యూనిట్ కాసేపు గుయ్యిమని మూలిగి ఆగిపోతోంది, చల్లదనం రావడం లేదు. చూసిన మెకానిక్ కంప్రెసర్ పోయిందని, కొత్త ఏసీ కొనుక్కోవడమే మేలని చెప్పారు. ఇద్దరి దగ్గర అంచనాలు తీసుకుంటే ఒకరిది రెండోవారి దానికి దాదాపు ఒకటిన్నర రెట్లు ఉంది. పాతదాన్ని బాగు చేయించుకోవచ్చా? కొత్తది కొనేటట్లయితే రెండు టన్నులది తీసుకుంటే త్వరగా చల్లబడుతుందా? ఇన్వర్టర్ రకం ఏసీకి ఎక్కువ పెట్టడం దండగా? గోడలో దాగి ఉన్న పాత రాగి పైపులు అలాగే ఉంచుకోవచ్చా? చివరికి మొత్తం ఖర్చు ఎంతవుతుందని అనుకోవాలి?
— ఒక పాఠకురాలు

సమాధానం: నమస్కారమమ్మా. మొత్తం ఖర్చు ఎంత అన్న ప్రశ్నను మీరు చివర అడిగారు. అది అక్కడే ఉండాలి. ముందున్న నాలుగింటికీ జవాబు తేలకుండా ఐదోదానికి ఎవరైనా ఒక అంకె చెప్పారంటే, వారు యంత్రం ధర మాత్రమే చెబుతున్నారని అర్థం. ఏసీ మార్చినప్పుడు మనం డబ్బు పెట్టేది మూడు చోట్ల: యంత్రానికి ఒకసారి, దాన్ని బిగించడానికి ఒకసారి, అది పనిచేసినన్నాళ్లూ కరెంటుకు నెలనెలా. వీటిలో ధర పట్టీ మీద కనిపించేది మొదటిదే కాబట్టి బేరమంతా దాని చుట్టూనే జరుగుతుంది. కొన్న తర్వాత విచారపడినవారిని అడిగి చూస్తే మాత్రం, వారి విచారం చాలావరకు రెండోదాని గురించే ఉంటుంది. అందుకే ఈ జవాబులో బిగింపు గురించి కాస్త ఎక్కువగానే రాస్తున్నాను.

ముందుగా మీ కంప్రెసర్ సంగతి, అంటే బయటి యూనిట్‌లో గ్యాసును నొక్కి తిప్పే యంత్రం సంగతి. బయటి యూనిట్ మూలుగుతూ కొద్దిసేపటికి ఆగిపోవడం కంప్రెసర్ చచ్చిపోయిందనడానికి సాక్ష్యం కాదు. పాత రకం, అంటే ఇన్వర్టర్ కాని, కంప్రెసర్ తిరగడం మొదలుపెట్టడానికి కెపాసిటర్ అనే చిన్న భాగం అవసరం. అరచేతిలో పట్టే అల్యూమినియం డబ్బాలా ఉంటుంది. అది బలహీనపడితే మోటారుకు కరెంటు అందుతుంది గాని తిరిగే ఊపు రాదు. మూలుగుతుంది, వేడెక్కుతుంది, లోపలి రక్షణ స్విచ్ తెగి ఆగిపోతుంది, చల్లబడ్డాక మళ్లీ అదే తంతు. మీరు వర్ణించినది సరిగ్గా ఇదే. చెడిన కెపాసిటర్ పైభాగం చాలాసార్లు బల్లపరుపుగా కాకుండా ఉబ్బి కనిపిస్తుంది; ఉబ్బకపోయినా మీటరుతో కొలిస్తే దాని మీద మైక్రోఫారడ్లలో (కెపాసిటర్ శక్తికి కొలత) ముద్రించిన అంకె కంటే చాలా తక్కువ చూపిస్తుంది. దీన్ని మార్చడానికయ్యే ఖర్చు కొత్త ఏసీ ధరలో చాలా చిన్న భాగం. అయితే కరెంటు ఆపిన తర్వాత కూడా కెపాసిటర్‌లో విద్యుత్తు నిలిచి ఉంటుంది, కాబట్టి మూత విప్పి మీరు స్వయంగా తాకే ప్రయత్నం చేయవద్దు.

కంప్రెసర్ నిజంగా పోయిందా లేదా అన్నది చెవితో తేల్చేది కాదు, మీటరుతో తేల్చేది. మీ ఏసీలోని కంప్రెసర్‌కు వైర్లు తగిలించే మూడు టెర్మినళ్లు ఉంటాయి: కామన్, రన్, స్టార్ట్. ఒక్కో జత మధ్య నిరోధాన్ని కొలిస్తే కామన్–రన్, కామన్–స్టార్ట్ అంకెల మొత్తం రన్–స్టార్ట్ అంకెకు సమానం కావాలి. ఏ టెర్మినల్‌కూ కంప్రెసర్ లోహపు ఒంటికీ మధ్య కరెంటు దారి ఉండకూడదు. ఈ రెండూ సరిగా ఉంటే మోటారు లోపలి తీగ చుట్టలు బాగున్నట్లే. అప్పుడు కెపాసిటర్‌ను, కరెంటు సరఫరాను, మోటారు లోపల బిగుసుకుపోయిందా అన్నదాన్ని చూడాలి. ఇందులో ఒక మెలిక ఉంది. కంప్రెసర్ వేడిగా ఉండి రక్షణ స్విచ్ తెగి ఉన్న సమయంలో కొలిస్తే చుట్ట తెగిపోయినట్లే మీటరు చూపిస్తుంది. స్విచ్ మళ్లీ కలవడానికి ఒక్కోసారి రెండు మూడు గంటలు పడుతుంది. వచ్చిన ఐదు నిమిషాల్లో కంప్రెసర్ పోయిందని తీర్పు చెప్పి వెళ్లినవారు, ఎంత నిజాయితీపరులైనా, పొరపాటు పడి ఉండే అవకాశం ఉంది.

ఇక గ్యాసు. ఏసీలోని గ్యాసు బండిలో పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. మూసి ఉన్న పైపుల్లో అదే గ్యాసు ద్రవంగా, ఆవిరిగా మారుతూ తిరుగుతుంది. పైపులు గట్టిగా ఉన్నంతకాలం కొనేనాడు ఎంత ఉందో పన్నెండేళ్లకూ అంతే ఉండాలి. వరుసగా రెండేళ్లు నింపించాల్సి వచ్చిందంటే ఎక్కడో కారుతోందన్నమాట. కారే చోటు వెతకకుండా నింపడం చిల్లికుండలో నీళ్లు పోయడమే. మీరు ఇప్పటికే రెండు సార్లు ఆ పని చేయించారు. గ్యాసు తక్కువైనప్పుడు కంప్రెసర్ చల్లబడడం కూడా తగ్గుతుంది, ఎందుకంటే దాన్ని చల్లబరిచేది తిరిగి వచ్చే చల్లటి ఆవిరే. అంటే లీకును పట్టించుకోకపోవడం వల్లనే చివరికి కంప్రెసర్‌కు ముప్పు వచ్చి ఉండవచ్చు.

బాగు చేయించడమా, మార్చడమా అన్నది ఇప్పుడు మూడు సంగతుల మీద ఆధారపడుతుంది. సరిగ్గా చూసుకున్న స్ప్లిట్ ఏసీ మామూలుగా పది నుంచి పదిహేనేళ్లు పనిచేస్తుంది, ఉప్పు గాలి తగిలే చోట అంతకంటే తక్కువ. మీది ఆ కాలపరిమితిలో రెండో సగంలో ఉంది. పోయింది కెపాసిటరో, కంప్రెసర్‌కు కరెంటు కలిపే కాంటాక్టరు స్విచ్చో, ఫ్యాన్ మోటారో అయితే, లీకు చేతికందే జాయింటులో ఉంటే, బాగు చేయించుకుని మరో రెండు మూడేళ్లు వాడుకోండి. అందులో తప్పేమీ లేదు. కంప్రెసర్ నిజంగానే కాలిపోయి ఉంటే మాత్రం నేను మార్చమనే అంటాను. కాలిన కంప్రెసర్ తనలోని నూనెను ఆమ్లంగా మారుస్తుంది. ఆ నూనె పైపులన్నిటా తిరిగి ఉంటుంది, కాబట్టి పైపులను కడిగి, తేమను, మలినాలను పట్టే ఫిల్టర్ డ్రయర్‌ను మార్చకుండా కొత్త కంప్రెసర్ బిగిస్తే అది కూడా త్వరలోనే అదే దారి పడుతుంది. ఈ కడుగుడు, కొత్త కంప్రెసర్, కూలి, గ్యాసు అన్నీ కలిపితే బిల్లు కొత్త ఏసీ ధరలో సగం దాటడం సాధారణం. పదేళ్లు దాటిన యంత్రానికి సగం ధర దాటిన మరమ్మతు చేయించవద్దన్నది ఈ పనిలో ఉన్నవారు పాటించే మోటు లెక్క. మోటుదే అయినా నాకు అందులో పెద్దగా అభ్యంతరం కనిపించలేదు.

మూడో సంగతి గ్యాసు రకం. బయటి యూనిట్ పక్కన అతికించిన పలకను ఒకసారి చదవండి. అందులో గ్యాసు పేరు, ఎన్ని గ్రాములు నింపాలన్నదీ, ఎంత కరెంటు లాగుతుందన్నదీ ఉంటాయి. అక్కడ ఆర్-22 అని ఉంటే మీ నిర్ణయం చాలావరకు జరిగిపోయినట్లే. ఓజోన్ పొరను కాపాడడానికి 1987లో కుదిరిన మాంట్రియల్ ఒప్పందం కింద ఆ గ్యాసును అభివృద్ధి చెందిన దేశాలు 2020 నాటికి వదిలించుకున్నాయి, అభివృద్ధి చెందుతున్న దేశాలకు 2030 గడువు ఉంది. ఉత్పత్తి తగ్గేకొద్దీ దాని ధర పెరుగుతుంది, కారే యంత్రానికి దాన్ని ఏటా కొనడం అర్థం లేని పని. తర్వాత వచ్చిన ఆర్-410ఏ ఓజోన్‌కు హాని చేయదు గాని భూమిని వేడెక్కించే శక్తిలో బొగ్గుపులుసు వాయువుకు రెండు వేల రెట్లకు పైనే. ఇప్పుడు విరివిగా వస్తున్న ఆర్-32కు ఆ సంఖ్య సుమారు 675. 2016లో రువాండా రాజధాని కిగాలీలో మాంట్రియల్ ఒప్పందానికి చేసిన సవరణ ఇలాంటి వాయువులనే క్రమంగా తగ్గించడానికి ఉద్దేశించినది. కాబట్టి కొత్తది కొనేటప్పుడు ఆర్-410ఏతో వచ్చే పాత సరుకు తగ్గింపు ధరకు దొరికినా, మరో పదేళ్ల తర్వాత దాని గ్యాసు ఎంతకు దొరుకుతుందో ఆలోచించండి. ఒక హెచ్చరిక కూడా చెప్పాలి: ఒక గ్యాసుకోసం చేసిన యంత్రంలో మరొకటి నింపకూడదు. ఆర్-410ఏ పీడనం ఆర్-22 కంటే దాదాపు అరవై శాతం ఎక్కువ. ఆర్-32కు కొద్దిగా మండే స్వభావం ఉంది. “ఏదైనా ఒకటేనండీ, చల్లదనం వస్తే చాలు కదా” అనే మెకానిక్‌ను మర్యాదగా పంపించివేయడం మంచిది.

రెండు టన్నుల విషయంలో నా జవాబు స్పష్టం: గదికి ఒకటిన్నర టన్నులు ఇంతకాలం సరిపోయి ఉంటే పెంచవద్దు. టన్ను అంటే యంత్రం బరువు కాదు. ఒక టన్ను మంచును ఇరవై నాలుగు గంటల్లో కరిగించడానికి పట్టే వేడిని తీసివేసే సామర్థ్యం అది. మంచు గడ్డలతో చల్లబరచిన రోజుల నుంచి మిగిలిన కొలత. గంటకు 12,000 బీటీయూలు (వేడిని కొలిచే పాత కొలమానం), లేదా సుమారు మూడున్నర కిలోవాట్లు. ఏసీ చేసేది రెండు పనులు: గాలిని చల్లబరచడం, గాలిలోని తేమను లోపలి యూనిట్‌లోని చల్లటి పైపుల మడతల (కాయిల్) మీద నీటి బొట్లుగా చేసి బయటికి పంపడం. రెండో పనికి సమయం కావాలి. గదికి మించిన యంత్రం పెడితే గాలి నిమిషాల్లో చల్లబడి కంప్రెసర్ ఆగిపోతుంది, తేమ మాత్రం గదిలోనే ఉండిపోతుంది. చలిగా ఉన్నా ఒళ్లు జిడ్డుగా అనిపించే గదులు చూడలేదూ, అవి సాధారణంగా ఇలాంటివే. పైగా పెద్ద యంత్రానికి ధర ఎక్కువ, పైపు లావు ఎక్కువ, వైరు లావు ఎక్కువ.

గది వైశాల్యం చూసి టన్నులు చెప్పే పట్టికలు అంగళ్లలో గోడలకు వేలాడుతుంటాయి. అవి ఆరంభానికి పనికొస్తాయి, నిర్ణయానికి కాదు. పైన ఎండ తగిలే కప్పు ఉన్న గదికీ, పైన మరో అంతస్తు ఉన్న గదికీ ఒకే కొలత ఎలా సరిపోతుంది? పడమటి కిటికీకి తెర ఉందా, గాజు ఎంత పెద్దది, తలుపు కింద ఎంత సందు ఉంది, రాత్రి ఆ గదిలో ఎంతమంది పడుకుంటారు అన్నవన్నీ లెక్కలోకి రావాలి. ఊరకే కూర్చున్న ఒక మనిషి ఒంటి నుంచి వచ్చే వేడే సుమారు వంద వాట్లు. మీ గది ఇంతకాలమూ సరిగా చల్లబడక పోతుంటే, టన్ను పెంచే డబ్బులో కొంత కప్పు మీద తెల్లటి పూతకో, కిటికీ బయట నీడకో, సందుల మూతకో పెట్టండి. ఆ ఖర్చు ఒక్కసారితో పోతుంది. పెద్ద ఏసీ కరెంటు ప్రతి వేసవీ అడుగుతుంది.

ఇన్వర్టర్ దండగా అన్నదానికి జవాబు మీరు ఏడాదికి ఎన్ని గంటలు వాడతారన్నదానిలో ఉంది. పాత రకం కంప్రెసర్‌కు తెలిసినవి రెండే పనులు, పూర్తి వేగంతో నడవడం లేదా ఆగిపోవడం. ఇన్వర్టర్ కంప్రెసర్ గది అవసరాన్ని బట్టి వేగం తగ్గించుకుంటూ నడుస్తుంది, తక్కువ వేగంలో అది అంతే కరెంటుకు ఎక్కువ చల్లదనం ఇస్తుంది. ఉదాహరణకు లెక్క వేద్దాం. ఒకటిన్నర టన్ను అంటే 5.3 కిలోవాట్ల చల్లదనం. పాత యంత్రం ఒక యూనిట్ కరెంటుకు 2.8 యూనిట్ల వేడిని తీసివేస్తుందనుకుంటే గంటకు 1.9 యూనిట్లు కాలుస్తుంది. కొత్త ఇన్వర్టర్ సీజన్ మొత్తం మీద సగటున 4.5 తీసివేస్తుందనుకుంటే సుమారు 1.2 యూనిట్లు చాలు. గంటకు 0.7 యూనిట్ తేడా. రోజుకు ఆరు గంటల చొప్పున 150 రోజులు అంతే భారంతో నడిస్తే ఏడాదికి 630 యూనిట్ల ఆదా. రోజుకు నాలుగు గంటల చొప్పున 40 రోజులే వాడితే 112 యూనిట్లు. మీ కరెంటు బిల్లులో చివరి శ్లాబు రేటుతో ఈ అంకెను గుణించండి. చివరిదే ఎందుకంటే, ఏసీ యూనిట్లు మిగతా వాడకం మీద అదనంగా చేరేవి కాబట్టి తగ్గేది కూడా ఆ ఖరీదైన యూనిట్లే. ఇన్వర్టర్‌కు మీరు అదనంగా పెట్టే మొత్తాన్ని ఆ ఆదాతో భాగిస్తే ఎన్నేళ్లలో తిరిగి వస్తుందో తెలుస్తుంది. నాలుగైదేళ్లలో వస్తే కొనండి. పదేళ్లు పట్టేటట్లయితే వద్దు; అతిథుల గదికి అన్నిటికంటే ఎక్కువ రేటింగ్ ఉన్న ఏసీ బిగించుకున్నవారు కరెంటు శాఖకు కాదు గాని ఏసీ కంపెనీకి విరాళం ఇచ్చినట్లే. మీది పడకగది, రోజూ రాత్రి నడిచేది కనుక మీ విషయంలో ఇన్వర్టరే సరైనదని నేను అనుకుంటున్నాను. ఒక్క లోపం ఒప్పుకోవాలి: ఇన్వర్టర్‌లో ఉండే ఎలక్ట్రానిక్ బోర్డు ఖరీదైనది, హెచ్చుతగ్గుల కరెంటుకు సున్నితమైనది. బోర్డుకు ఎన్నేళ్ల గ్యారంటీ ఉందో కంప్రెసర్ గ్యారంటీ కంటే ముందు అడగండి.

పైపుల దగ్గరికి వద్దాం. మీ పాత యంత్రం ఆర్-22 అయితే ఆ పైపుల లోపలి గోడకు పాత రకం ఖనిజ నూనె అంటుకుని ఉంటుంది. కొత్త గ్యాసులకు వాడే నూనె వేరు, రెంటికీ పొసగదు. కంప్రెసర్ కాలిపోయి ఉంటే ఆ పైపుల్లో ఆమ్లం, మసి కూడా ఉంటాయి. లీకు గోడ లోపలే ఎక్కడో ఉండి ఉండవచ్చు, అప్పుడు కొత్త యంత్రానికి పాత జబ్బును కట్నంగా ఇచ్చినట్లవుతుంది. వ్యాసం, మందం కొత్త కంపెనీ చెప్పినదానికి సరిపోయి, లోపల శుభ్రంగా ఉండి, నైట్రోజన్ నింపి కొన్ని గంటలు ఉంచినా పీడనం తగ్గకపోతే పాత పైపులు వాడుకోవచ్చు. చివరలు కోసి ఫ్లేర్లు, అంటే నట్టు కింద కూర్చునేలా గరాటులా విప్పిన అంచులు, మాత్రం కొత్తగా చేయాలి. అలా పరీక్షించి చూపని పక్షంలో గోడ పగలగొట్టించడం ఇష్టం లేకపోతే పైపును గోడ బయటి నుంచే తీసుకువెళ్లి పైన తొడుగు వేయించండి. చూపుకు అంత బాగుండదు, నిజమే. కానీ ఈసారి లీకు వస్తే పది నిమిషాల్లో దొరుకుతుంది.

బిగింపులో మీరు కళ్లారా చూడవలసింది వాక్యూమ్ పంపు. పైపులు కలిపిన తర్వాత, గ్యాసు వదలకముందు, లోపలి గాలినీ తేమనూ పూర్తిగా లాగేయాలి. పీడనం బాగా తగ్గితే గది వేడికే నీరు మరిగి ఆవిరై బయటికి వస్తుంది, అందుకే పంపు తప్పనిసరి. అతి తక్కువ పీడనాన్ని మైక్రాన్లలో కొలిచే గేజి పెట్టి 500 మైక్రాన్ల దిగువకు తెచ్చి, పంపు ఆపి, ముల్లు లేదా అంకె నిలబడిందా లేదా అని కొంతసేపు చూడాలి. నిలబడితే జాయింట్లు గట్టిగా ఉన్నట్లు, లోపల తేమ లేనట్లు. పైకి పాకితే ఏదో ఒకటి మిగిలి ఉన్నట్లు. తేమ మిగిలితే కొత్త రకం నూనెతో కలిసి ఆమ్లమవుతుంది, దాని ఫలితం మొదటి ఏడాది కనిపించదు.

మా ఇంట్లో బిగించడానికి వచ్చినాయన పంపు తీసుకురాలేదు. కాస్త గ్యాసు వదిలితే అదే గాలిని తోసేస్తుందని, ఇరవై ఏళ్లుగా ఇలాగే చేస్తున్నానని చెప్పి, సుయ్యిమనిపించి, అరగంటలో పని ముగించి వెళ్లిపోయాడు. మొదటి వేసవి ఏ ఇబ్బందీ లేదు. రెండో వేసవికి గది చల్లబడడం మానేసింది. వేరే మెకానిక్ వచ్చి బయటి యూనిట్ దగ్గర ఫ్లేర్ నట్టు మీద వేలు రాసి నాకు చూపించాడు. వేలికి నల్లటి జిడ్డు. గ్యాసుతో పాటు నూనె కూడా ఊరుతూ వచ్చి దుమ్మును పట్టుకున్న మరక అది. నట్టును ఎంత బిగువో కొలిచి బిగించే టార్క్ స్పానరుతో కాక చేతి అంచనాతో బిగించడం వల్ల ఫ్లేర్ అంచు పగిలింది. ఆ రోజు నేను చెల్లించిన గ్యాసు, కూలి కలిపితే పంపు తెచ్చే మనిషికి మొదట్లోనే ఇవ్వగలిగిన అదనపు మొత్తానికి మించి తేలింది. గ్యారంటీ కార్డు తీసి చూస్తే బిగింపు లోపాలు, గ్యాసు అందులోకి రావని చిన్న అక్షరాల్లో ఉంది.

ఇప్పుడు మీ రెండు అంచనాల తేడా ఎక్కడ ఉందో మీకే అర్థమవుతుంది. ఇద్దరి కాగితాలనూ పక్కపక్కన పెట్టుకుని ఒకే పద్దుల కింద తిరగరాయించండి: యంత్రం మోడల్ నంబరు, పాతది దించి దాని గ్యాసును సిలిండరులోకి తీసుకోవడం, కొత్త రాగి పైపు ఎన్ని మీటర్లు, మీటరుకు ఎంత, పైపు పొడవు కంపెనీ హద్దు దాటితే అదనపు గ్యాసు ఎన్ని గ్రాములు, స్టాండు, డ్రెయిన్ పైపు, ఏసీకి ప్రత్యేకంగా వైరు, ఎమ్‌సీబీ (భారం మించితే తెగే స్విచ్), ఎర్తింగ్, అవసరమైతే స్టెబిలైజరు, గోడ రంధ్రం, ఎత్తయిన చోట నిలబడి పనిచేయడానికి పరంజా, వాక్యూమ్, లీకు పరీక్ష, పన్నులు. తక్కువ అంచనాలో వీటిలో సగం పద్దులు అసలే ఉండకపోవడం, వచ్చినరోజు ఒక్కొక్కటిగా బయటపడడం మామూలే. ఎక్కువ అంచనా ఇచ్చినవారు ఇవన్నీ కలిపి ఉంటే వారే చవక కావచ్చు. కేవలం “ఏసీ, ఫిట్టింగ్‌తో సహా” అని ఒకే వరుస రాసి కింద పెద్ద అంకె వేసి ఉంటే ఆ కాగితానికి విలువ లేదు. మూడో అంచనా కూడా తీసుకోండి, అయితే దాన్ని ఈ పద్దుల ప్రకారమే అడగండి.

లోపలి యూనిట్ బాగానే ఉంది కదా, బయటిదొక్కటే మారుద్దామని ఎవరైనా అనవచ్చు. ఒప్పుకోవద్దు. రెండూ జతగా తయారైనవి, ఇన్వర్టర్లలో రెండూ తీగమీద మాట్లాడుకుంటాయి కూడా. ఇల్లంతటికీ డక్టులతో (చల్లగాలిని గదులకు చేరవేసే గొట్టాలతో) ఏసీ ఉన్నవారు ఇది చదువుతుంటే వారికి ఒక్క మాట: యంత్రం మార్చే ముందు డక్టుల అతుకులను పరీక్షించండి, అటకలోకి కారే చల్లగాలికి కొత్త యంత్రం కూడా అంతే శ్రద్ధగా బిల్లు కట్టిస్తుంది.

కాయిల్ రాగిదా అల్యూమినియందా అన్న చర్చ అంగళ్లలో చాలా జరుగుతుంది. చిల్లు పడినప్పుడు రాగిని అక్కడికక్కడే అతకడం సులువు, అల్యూమినియం అతకడం కష్టం. ఎక్కువకాలం ఉంచుకునేవారికి రాగే నా మొగ్గు. కొనే సమయం మీ చేతిలో ఉంటే వేసవి ముంచుకు రాకముందు కొనండి. ధర తగ్గుతుందన్నది ఒక కారణం, నాకు అంతకంటే ముఖ్యమైనది ఆ నెలల్లో బిగించేవారికి తొందర ఉండదన్నది. రోజుకు ఎనిమిది ఇళ్లు తిరిగే మనిషి మీ ఇంట్లో వాక్యూమ్ ముల్లు నిలబడిందా అని చూస్తూ కూర్చోడు.

బిగించిన రోజు డబ్బు పూర్తిగా ఇచ్చేముందు ఏసీని పావుగంట గరిష్ఠ చల్లదనంలో నడిపించి, లోపలి యూనిట్ పీల్చే గాలి ఉష్ణోగ్రతనూ వదిలే గాలి ఉష్ణోగ్రతనూ మామూలు థర్మామీటరుతో కొలవండి. మధ్య తేడా ఎనిమిది నుంచి పన్నెండు డిగ్రీల వరకు ఉంటే సరే. బాగా తక్కువగా ఉంటే గ్యాసో గాలి ప్రవాహమో సరిగా లేదు. ఒక చెంబుడు నీళ్లు లోపలి యూనిట్ ట్రేలో పోయించి, డ్రెయిన్ పైపు చివర నుంచి ధారగా వస్తున్నాయో లేదో కూడా చూడండి. వాలు సరిగా లేని పైపు గోడకు మరకలు తెచ్చేది నెల తర్వాత.

మీరు ఈ వారం చేయవలసింది కొనడం కాదు. వేరొక మెకానిక్‌ను, వీలైతే ఏసీ అమ్మే పని లేని వ్యక్తిని, పిలిపించండి. ముందురోజు రాత్రి నుంచి ఏసీని ఆపి ఉంచండి, కంప్రెసర్ చల్లగా ఉండాలి. ఆయన చేత మూడు రకాల కొలతలు కాగితం మీద రాయించుకోండి: కెపాసిటర్ ఇప్పుడు చూపిస్తున్న మైక్రోఫారడ్లు, కంప్రెసర్ మూడు జతల మధ్య నిరోధాలు, నైట్రోజన్‌తో పరీక్షించినప్పుడు పైపుల్లో పీడనం మొదట ఎంత, రెండు గంటల తర్వాత ఎంత. వాటితో పాటు బయటి యూనిట్ పలక మీద రాసి ఉన్న గ్యాసు పేరును కలిపి నాకు మళ్లీ రాస్తే, మీ రెండు అంచనాల్లో ఏది తీసుకోవాలో, లేక రెంటినీ పక్కన పెట్టి ఒక కెపాసిటర్ కొనుక్కోవడం చాలునో ఈసారి సూటిగా చెప్పగలను.